బ్లాకింగ్ పెప్టైడ్లు: ల్యాబుల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

ఎచ్చెర్ల యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లు, విజయనగరం వైపు ఎమ్మెస్సీ ప్రాజెక్టు పిల్లలు, మెడికల్ కాలేజీల పాథాలజీ పీజీలు, వీళ్లలో ఎవరు వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లను జెల్‌లో సైజు ప్రకారం విడదీసి, మెంబ్రేన్ అనే పల్చటి పొర మీదకు ఎక్కించి, కావాల్సినదాన్ని యాంటీబాడీతో వెతికే పరీక్ష; దొరికిన చోట కనిపించే గీతే బ్యాండ్) మొదలుపెట్టినా కొన్నాళ్లకు ఇవే సందేహాలతో వస్తున్నారు. ఉద్దానం కిడ్నీ జబ్బు మీద పని చేస్తున్నవాళ్ల నుంచి మరీ ఎక్కువ. అందుకే అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలు పెట్టి జవాబులు ఒకచోట చేర్చాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు, వరుసగా చదవక్కర్లేదు.

## కొనే ముందు

బ్లాకింగ్ పెప్టైడ్ అంటే ఏమిటి సార్? బ్లాకింగ్ బఫర్ లాంటిదేనా?

కాదు, రెండింటి పనీ వేరు. పాలపొడో బీఎస్ఏ అనే ఆవు ప్రోటీనో కలిపిన బ్లాకింగ్ బఫర్ మెంబ్రేన్ మీద ఖాళీ చోట్లను కప్పుతుంది. బ్లాకింగ్ పెప్టైడ్ పనంతా యాంటీబాడీతోనే. యాంటీబాడీ తయారు చేయడానికి కుందేలుకు ప్రోటీన్‌లోని ఏ ముక్కను ఇచ్చారో, అదే అమైనో ఆమ్లాల వరుసతో కృత్రిమంగా కట్టిన చిన్న పెప్టైడ్ ఇది. మామూలుగా 10 నుంచి 20 అమైనో ఆమ్లాలు ఉంటాయి. దీన్ని ముందుగా యాంటీబాడీతో ఎక్కువ మోతాదులో కలిపి ఉంచితే యాంటీబాడీకి ఉన్న రెండు పట్టు చోట్లూ నిండిపోతాయి. తర్వాత మెంబ్రేన్ మీద వేసినా అసలు ప్రోటీన్‌ను పట్టుకోలేదు. పెప్టైడ్ లేనప్పుడు కనిపించిన బ్యాండ్, పెప్టైడ్ కలిపాక పోయిందా, ఉందా అన్నదే పరీక్ష.

సెకండరీ ఒక్కటే వేసిన కంట్రోల్ ఉంది కదా, ఇది కూడా ఎందుకు?

ప్రోటీన్‌ను పట్టేది ప్రైమరీ యాంటీబాడీ, ఆ ప్రైమరీని పట్టి సిగ్నల్ ఇచ్చేది సెకండరీ. ఆ కంట్రోల్ సెకండరీ యాంటీబాడీ చేసే గోల మాత్రమే చూపిస్తుంది. ప్రైమరీ తనకు సంబంధం లేని చోట అతుక్కుంటే దాన్ని పట్టుకోలేదు. పెప్టైడ్ పరీక్ష చూసేది ప్రైమరీనే. ఖర్చు తక్కువ కాబట్టి రెండూ చేయండి.

యాంటీబాడీ ఒక కంపెనీది, పెప్టైడ్ ఇంకో కంపెనీది. పర్లేదా?

ప్రోటీన్ పేరు ఒకటే అయినంత మాత్రాన పనికిరాదు. ఒక యాంటీబాడీ ప్రోటీన్ చివరి ముక్క మీద, ఇంకొకటి మధ్య ముక్క మీద చేసి ఉండొచ్చు. చివరి ముక్క పెప్టైడ్‌తో మధ్య ముక్క యాంటీబాడీ ఆగదు. ఇండెంట్ పెట్టే ముందే డేటా షీట్‌లో 'ఇమ్యునోజెన్' (యాంటీబాడీ తయారీకి జంతువుకు ఇచ్చినది) అన్న వరుస చూడండి. అక్కడ సింథటిక్ పెప్టైడ్ అని ఉంటే దానికి జోడీ పెప్టైడ్ అదే కంపెనీ దగ్గర ఉందేమో అడగండి. పూర్తి రీకాంబినెంట్ ప్రోటీన్ అని ఉంటే చిన్న పెప్టైడ్ కొనడం డబ్బు దండగ. అలాంటి పాలీక్లోనల్‌లో ప్రోటీన్ పొడవునా రకరకాల చోట్లను పట్టే యాంటీబాడీలు ఉంటాయి, ఒక ముక్క వాటన్నిటినీ ఆపలేదు. అక్కడ ఆ రీకాంబినెంట్ ప్రోటీన్‌తోనే బ్లాక్ చేయాలి. మోనోక్లోనల్ (ఒకే చోటును పట్టే ఒకే రకం యాంటీబాడీ) అయితే ఇంకో చిక్కు ఉంది. అది ప్రోటీన్ మడతను బట్టి గుర్తుపట్టేది అయితే, మడత లేని సూటి పెప్టైడ్ దానికి కనిపించదు.

కేటలాగ్‌లో సీక్వెన్స్ ఇవ్వలేదు. మనమే చేయించుకోవచ్చా?

సీక్వెన్స్, అంటే అమైనో ఆమ్లాల వరుస, తెలిస్తేనే. చాలా కంపెనీలు దాన్ని రహస్యంగా ఉంచి 'చివరి 50 అమైనో ఆమ్లాల లోపల' అన్నట్టు రాస్తాయి. ఊహించి చేయిస్తే బ్లాక్ కానప్పుడు తప్పు యాంటీబాడీదో మన ఊహదో తేలదు. టెక్నికల్ సపోర్ట్‌కు మెయిల్ పెట్టండి, కొన్నిసార్లు చెబుతారు. చెప్పకపోతే సీక్వెన్స్ బయటపెట్టే ఇంకో యాంటీబాడీ వెతకడం మేలని నా అభిప్రాయం.

ఎంత ప్యూరిటీ కావాలి? 95 శాతం అంటే కొటేషన్ చాలా ఎక్కువొచ్చింది.

మామూలు బ్లాకింగ్‌కు 70–80 శాతం చాలు. ఫాస్ఫో పెప్టైడ్‌కు, అంటే ఫాస్ఫేట్ తగిలించినదానికి, మాత్రం తగ్గొద్దు. అందులో ఫాస్ఫేట్ లేని పెప్టైడ్ కలిసి ఉంటే పరీక్షకే అర్థం పోతుంది.

## పెప్టైడ్ చేతికొచ్చాక

కొరియర్‌లో ఐస్ లేకుండా వచ్చింది, అదీ మే నెలలో. పాడైనట్టేనా?

పొడి రూపంలో, అంటే లయోఫిలైజ్ చేసి పంపి ఉంటే టెన్షన్ అక్కర్లేదు. పొడి పెప్టైడ్లు చాలావరకు కొన్ని రోజుల రూమ్ టెంపరేచర్‌ను తట్టుకుంటాయి. చాలా కంపెనీలు కావాలనే ఐస్ లేకుండా పంపుతాయి. ద్రావణంగా వచ్చి ఉంటే వేరే సంగతి, కంపెనీని అడగండి. అదే పెట్టెలో యాంటీబాడీ కూడా ఉంటే పెప్టైడ్ కన్నా దాని గురించే ఎక్కువ ఆలోచించాలి.

ట్యూబు ఖాళీగా ఉంది. పంపడం మర్చిపోయారా?

తొందరపడి కంపెనీకి ఫోన్ చేయకండి. 50 లేదా 100 మైక్రోగ్రాముల పొడి కంటికి ఆనదు. ట్యూబు గోడకో మూత లోపలో పల్చటి పొరలా అంటుకుని ఉంటుంది. మూత తీయకుండా ముందు ఒకసారి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి, పొడి అడుక్కి దిగుతుంది.

మన దగ్గర ఇంకో జాగ్రత్త తప్పనిసరి. మైనస్ 20 నుంచి తీసిన ట్యూబును వెంటనే తెరవొద్దు. తీరప్రాంతపు గాలిలో తేమ ఎక్కువ. చల్లటి ట్యూబు తెరిచారంటే ఆ తేమ లోపలి పొడి మీద నీరై కూర్చుంటుంది. సిలికా జెల్ ఉన్న డెసికేటర్‌లో పెట్టి, గది వేడికి వచ్చాకే మూత తీయండి. ఎయిర్ కండిషనర్ లేని ల్యాబులో ఈ అరగంట ఓపిక పట్టకపోతే పొడి తేమ పీల్చేసి, తర్వాత తూచిన ప్రతి తూకమూ తప్పుతుంది.

నీళ్లలో కరగడం లేదు. షేక్ చేస్తూనే ఉన్నాం.

షేక్ చేయడం ఆపి సీక్వెన్స్ చూడండి. లైసిన్, ఆర్జినిన్, హిస్టిడిన్, ఇంకా మొదటి కొసకు ఒక్కోదానికి ప్లస్ 1 చార్జ్ వేయండి. ఆస్పార్టిక్, గ్లుటామిక్ ఆమ్లాలకు, చివరి కొసకు మైనస్ 1. ఒక కొసను అమైడ్‌గానో ఎసిటైల్‌గానో మూసి ఉంటే ఆ కొసను లెక్కలోకి తీసుకోవద్దు. మొత్తం ప్లస్ వస్తే కొద్దిగా పల్చటి ఎసిటిక్ యాసిడ్‌లో, మైనస్ వస్తే కొద్దిగా అమ్మోనియం బైకార్బొనేట్‌లో కరిగించి, ఆ తర్వాత నీళ్లతోనో పీబీఎస్ అనే ఉప్పు బఫర్‌తోనో పల్చన చేయండి. నీళ్లంటే పడని అమైనో ఆమ్లాలే ఎక్కువైతే కొద్దిపాటి డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో ముందు కరిగించాలి. సిస్టీన్, మిథియోనిన్ ఉన్న పెప్టైడ్‌కు డీఎంఎస్‌ఓ వాడకండి, ఆక్సిడైజ్ అవుతాయి. మొత్తం పొడిని ఒకేసారి కరిగించేయకుండా చిటికెడు తీసి పరీక్షించుకోండి. తప్పు ద్రావకంలో పడ్డ పెప్టైడ్‌ను మళ్లీ వెనక్కి తెచ్చుకోవడం కష్టం.

కరెంటు పోతే? తుపానుల సీజన్‌లో రోజుల తరబడి ఉండదు.

పొడిగా ఉంటే గండం గడుస్తుంది, ద్రావణంగా ఉంటే గడవదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటి చోట పని చేసేటప్పుడు మొత్తం పెప్టైడ్‌ను కరిగించి ఫ్రీజర్ మీద భారం వేయకండి. కంపెనీకి ఆర్డర్ ఇచ్చేటప్పుడే 'చిన్న చిన్న ట్యూబుల్లో పొడిగా పంచి పంపండి' అని అడగండి. ఎప్పటికి కావాల్సింది అప్పుడే కరిగించుకోవచ్చు. కరిగించినదాన్ని ఒక్క వాడకానికి సరిపడా అలీకాట్లు (చిన్న వాటాలు) చేసి మైనస్ 20లో పెట్టండి. ఒకసారి కరిగిన అలీకాట్‌ను మళ్లీ గడ్డకట్టించొద్దు.

సర్టిఫికెట్‌లో 'నెట్ పెప్టైడ్ కంటెంట్ 70 శాతం' అని ఉంది. ప్యూరిటీ 90 అన్నారు కదా?

రెండూ వేరు లెక్కలు, మోసమేమీ లేదు. ఉన్న పెప్టైడ్‌లో సరైన వరుస ఎంత అన్నది ప్యూరిటీ. తూచిన పొడి మొత్తంలో పెప్టైడ్ ఎంత, తేమా లవణాలూ ఎంత అన్నది నెట్ కంటెంట్. బ్లాకింగ్‌కు ఎలాగూ చాలా ఎక్కువ మోతాదు వేస్తాం కాబట్టి ఈ తేడా పెద్దగా బాధించదు.

## ప్రయోగం రోజు

ఎంత పెప్టైడ్ కలపాలి? ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతున్నారు.

యాంటీబాడీ బరువుకు ఐదు రెట్ల పెప్టైడ్‌తో మొదలుపెట్టండి. ఒక ఉదాహరణ చూద్దాం. మీ ప్రైమరీ మిల్లీలీటరుకు 0.5 మిల్లీగ్రాములు, వాడేది 1:1000, ఒక్కో మెంబ్రేన్‌కు 10 మిల్లీలీటర్లు. అంటే 10 మైక్రోలీటర్ల స్టాకు, అందులో 5 మైక్రోగ్రాముల యాంటీబాడీ. దానికి 25 మైక్రోగ్రాముల పెప్టైడ్ కావాలి. పెప్టైడ్ స్టాకు మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము అయితే 25 మైక్రోలీటర్లు.

ఐదు రెట్లేనా అని తక్కువగా చూడొద్దు. ఐజీజీ (మామూలుగా వాడే యాంటీబాడీ రకం) అణువు బరువు సుమారు 150 కిలోడాల్టన్లు, 15 అమైనో ఆమ్లాల పెప్టైడ్ ఒకటిన్నర కిలోడాల్టన్లకు కాస్త ఎక్కువ. అణువుల లెక్కన ఇది 450 రెట్ల దాకా వస్తుంది. ఒక్కో పట్టు చోటుకు 200కు పైగా పెప్టైడ్లు ఉన్నట్టు.

ఇదంతా శుద్ధి చేసిన యాంటీబాడీకి. మీ దగ్గరున్నది ముడి సీరం అయితే అందులో మీకు కావాల్సిన యాంటీబాడీ ఎంతుందో బరువు చెప్పదు. అప్పుడు పెప్టైడ్‌ను మూడు నాలుగు మోతాదుల్లో వేసి చూసుకోవడం ఒక్కటే దారి.

10 మిల్లీలీటర్లలోనే నేరుగా కలిపేయొచ్చా? ఎంతసేపు ఉంచాలి?

కలపొచ్చు గానీ, ముందు చిన్న పరిమాణంలో కలిపితే బాగా పడుతుంది. రెండు ట్యూబులు తీసుకుని రెండింట్లో సమానంగా యాంటీబాడీ వేయండి. ఒకదాంట్లో పెప్టైడ్, రెండోదాంట్లో పెప్టైడ్‌ను కరిగించిన ద్రావకం అంతే పరిమాణంలో. బఫర్‌తో రెండింటినీ అర మిల్లీలీటరుకు తెచ్చి, నెమ్మదిగా తిప్పుతూ రూమ్ టెంపరేచర్‌లో అరగంట, లేదా 4 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచండి. ఆ తర్వాత 10 మిల్లీలీటర్లకు పెంచి మెంబ్రేన్ మీద వేయండి. రెండో ట్యూబును కూడా అంతే సేపు, అదే చోట ఉంచాలి. యాంటీబాడీని తాజాగా తీసి వేసేస్తే పోలిక చెల్లదు.

రెండు మెంబ్రేన్లు ఎలా సమానంగా చూడాలి?

ఒకే జెల్ మీద అవే శాంపిళ్లను ఎడమ సగంలోనూ కుడి సగంలోనూ లోడ్ చేయండి. ట్రాన్స్‌ఫర్ అయ్యాక పోన్సో అనే రంగు వేసి ప్రోటీన్ సమానంగా ఎక్కిందో లేదో చూసి, అప్పుడు మధ్యకు కోయండి. ఇమేజ్ తీసేటప్పుడు మాత్రం చాలా జాగ్రత్త. రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి ఒకే ఎక్స్‌పోజర్‌లో తీయండి. విడివిడిగా ఆటో ఎక్స్‌పోజర్‌లో తీస్తే మిషన్ ఖాళీ మెంబ్రేన్‌ను కూడా బ్యాండ్లు తేలేదాకా వెలిగిస్తుంది. చక్కగా బ్లాక్ అయిన బ్లాట్ కూడా అలాంటి ఇమేజ్‌లో బ్లాక్ కానట్టే కనిపిస్తుంది. చివర్లో రెండు ముక్కల మీదా బీటా యాక్టిన్ (దాదాపు అన్ని కణాల్లోనూ ఉండే ప్రోటీన్) యాంటీబాడీ వేసి చూపించండి, 42 కిలోడాల్టన్ల దగ్గర సమానంగా రావాలి.

ఒకటే మెంబ్రేన్ మిగిలింది. దాని మీదే రెండూ చేయొచ్చా?

తప్పనిసరైతే, ముందు పెప్టైడ్ కలిపిన యాంటీబాడీ వేసి ఇమేజ్ తీయండి. బాగా కడిగి, తర్వాత పెప్టైడ్ లేనిది వేయండి. ఈ వరుస తిప్పొద్దు.

వేరే పెప్టైడ్ కూడా కొనాలా? గైడ్ గారు ఒకటి చాలన్నారు.

సంబంధం లేని పెప్టైడ్ ఒకటి ఉండాల్సిందే. అవే అమైనో ఆమ్లాలను తారుమారు చేసిన వరుసైతే మరీ మంచిది. కృత్రిమ పెప్టైడ్లలో తరచుగా ట్రైఫ్లోరో ఎసిటిక్ యాసిడ్ మిగిలి ఉంటుంది, దానివల్ల పీహెచ్ పడిపోవచ్చు. డీఎంఎస్‌ఓ కూడా ఉండొచ్చు. వీటివల్లే బ్యాండ్ పోతే పెప్టైడే ఆపిందని పొరబడతాం. సంబంధం లేని పెప్టైడ్ కలిపినప్పుడు బ్యాండ్ నిలబడి, అసలు పెప్టైడ్ కలిపినప్పుడే పోతే ఆ అనుమానం తీరుతుంది. గైడ్ గారికి ఖర్చు గురించి బెంగ ఉంటే, పక్క ల్యాబులో వేరే పని కోసం కొన్న పెప్టైడ్ కొంచెం అడిగి తెచ్చుకోండి, పొడవు సుమారుగా సమానమైతే చాలు.

ఫాస్ఫో యాంటీబాడీకి ఏ పెప్టైడ్ వాడాలి?

జంటగా రెండు. అదే వరుస ఫాస్ఫేట్‌తో ఒకటి, ఫాస్ఫేట్ లేకుండా ఒకటి. ఫాస్ఫేట్ ఉన్నది బ్యాండ్‌ను తుడిచేయాలి, లేనిది తాకకూడదు. రెండూ తుడిచేస్తే మీ యాంటీబాడీ ఫాస్ఫేట్‌ను చూడటం లేదు, మామూలు ప్రోటీన్‌నే పడుతోంది. దీంతోపాటు లైసేట్‌ను (కణాలను పగలగొట్టి తీసిన ద్రవం) ఫాస్ఫేట్‌ను తీసేసే లాంబ్డా ఫాస్ఫటేజ్ ఎంజైమ్‌తో ట్రీట్ చేసిన లేన్ ఒకటి పెడితే జవాబు ఇంకా గట్టిగా ఉంటుంది.

కిడ్నీ బయాప్సీ స్లైడ్ల మీద కూడా ఇలాగే చేయొచ్చా?

చేయొచ్చు, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉన్న టిష్యూ మీద. వరుసగా కోసిన రెండు సెక్షన్లు తీసుకుని ఒకదానికి బ్లాక్ చేసిన యాంటీబాడీ, పక్కదానికి మామూలుది. కిడ్నీలో సహజంగానే బయోటిన్ అనే విటమిన్ ఎక్కువ. బయోటిన్‌ను పట్టి రంగు తేల్చే అవిడిన్–బయోటిన్ కిట్ వాడితే ట్యూబ్యూల్స్ వాటంతటవే గోధుమ రంగు తేలతాయి. పెప్టైడ్ కలిపినా ఆ రంగు అలాగే ఉంటే మీరు చూస్తున్నది మీ ప్రోటీన్ కాదేమోనని ముందు అనుమానించండి. బయోటిన్‌ను బ్లాక్ చేయండి లేదా బయోటిన్ వాడని పాలిమర్ కిట్‌కు మారండి. ప్లస్ చార్జ్ బాగా ఉన్న పెప్టైడ్లు కొన్నిసార్లు టిష్యూకే అతుక్కుని, యాంటీబాడీని అక్కడికి లాగి, రంగును ఇంకా పెంచుతాయి.

## ఫలితం చూసేటప్పుడు

బ్యాండ్ పూర్తిగా పోయింది. మా యాంటీబాడీ స్పెసిఫిక్ అని తేలిపోయినట్టే కదా?

తేలలేదు. ఇన్ని ప్రశ్నల్లోనూ నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే.

బ్యాండ్ పోయిందంటే తెలిసింది ఒక్కటే. ఆ బ్యాండ్‌ను పట్టిన యాంటీబాడీలు ఆ పెప్టైడ్‌ను కూడా పడతాయి. ఆ బ్యాండ్ మీ ప్రోటీనేనా అన్నది ఈ పరీక్షకు తెలియదు. మనిషిని పుట్టుమచ్చ చూసి గుర్తుపట్టినట్టు, యాంటీబాడీ చూసేది ప్రోటీన్‌లోని ఒక చిన్న భాగాన్నే. అలాంటి భాగమే ఇంకో ప్రోటీన్‌లో ఉంటే దాన్నీ పట్టేస్తుంది. పెప్టైడ్ కలిపితే ఆ తప్పు పట్టు కూడా అంతే శుభ్రంగా పోతుంది. అసలు బ్యాండ్, దొంగ బ్యాండ్ రెండూ ఒకేలా మాయమవుతాయి.

కిడ్నీ, బీపీ పరిశోధనలో దీనికి దగ్గరి ఉదాహరణ ఉంది. యాంజియోటెన్సిన్ టైప్ 1 రిసెప్టర్‌కు మార్కెట్లో దొరికే యాంటీబాడీలను 2013లో పరీక్షించి చూస్తే, 43 కిలోడాల్టన్ల దగ్గర రిసెప్టర్ అనుకుంటున్న బ్యాండ్ ఆ జన్యువు తీసేసిన ఎలుకల్లోనూ వచ్చింది. ఈస్ట్రోజెన్ రిసెప్టర్ బీటాకు 13 యాంటీబాడీలను పరీక్షించి 2017లో ప్రచురించిన పనిలో నమ్మదగ్గదిగా నిలిచింది ఒక్కటే. అంతకుముందు ఏళ్లపాటు వచ్చిన పేపర్ల సంగతి ఆలోచించండి.

2016లో అంతర్జాతీయ నిపుణుల బృందం యాంటీబాడీ నిర్ధారణకు ఐదు మార్గాలు సూచించింది. జన్యువును తీసేసో తగ్గించో చూడటం, యాంటీబాడీ అవసరం లేని మరో పద్ధతితో పోల్చడం, అదే ప్రోటీన్‌ను వేరే చోట పట్టే రెండో యాంటీబాడీ, ట్యాగ్ కట్టిన ప్రోటీన్, యాంటీబాడీ పట్టినదాన్ని మాస్ స్పెక్ట్రోమెట్రీలో చూడటం. పెప్టైడ్ బ్లాకింగ్ ఆ ఐదింట్లో లేదు.

అలాగని మానేయమని కాదు. చెడ్డ బ్యాండ్లను ఏరేయడానికి ఇది చాలా మంచి జల్లెడ. పెప్టైడ్ కలిపినా పోని బ్యాండ్‌ను నిశ్చింతగా పక్కన పెట్టొచ్చు, పెప్టైడ్ సరైనదై మోతాదు సరిపోయి ఉంటే. పోయిన బ్యాండ్‌కు మాత్రం ఇంకో సాక్ష్యం కావాలి.

పెప్టైడ్ కలిపినా ఒక్క బ్యాండూ పోలేదు. ఇప్పుడు ఏటి చెయ్యాలి?

ముందు పెప్టైడ్ ఈ యాంటీబాడీకి జోడీయేనా అని లాట్, కేటలాగ్ నంబర్లతో సరిచూసుకోండి. తర్వాత పెప్టైడ్‌ను పది రెట్లకు పెంచి, యాంటీబాడీని సగానికి తగ్గించి మళ్లీ చేయండి. యాంటీబాడీ మరీ ఎక్కువైతే ఎంత పెప్టైడ్ వేసినా కొంత మిగిలి మెంబ్రేన్ మీదకు పోతుంది. అప్పటికీ పోకపోతే తాజా అలీకాట్‌తో ఒక పెప్టైడ్ ఎలైజా చేసి, యాంటీబాడీ అసలు ఆ పెప్టైడ్‌ను పడుతోందో లేదో చూడండి. పడుతోంది గానీ బ్యాండ్ పోవడం లేదంటే ఆ బ్యాండ్ నకిలీది.

రెండు మూడు బ్యాండ్లు వచ్చాయి, అన్నీ పోయాయి. ఏది మాది?

అన్నీ మీవే అయ్యే అవకాశమూ ఉంది. కిడ్నీలో నీటిని దాటించే ఆక్వాపోరిన్ 2 ప్రోటీన్‌ను చూడండి. కిడ్నీ లైసేట్‌లో 29 కిలోడాల్టన్ల దగ్గర ఒక సన్నటి బ్యాండ్, 35 నుంచి 50 మధ్య ఒక వెడల్పాటి మసక వస్తాయి. మొదటిది చక్కెరలు లేని రూపం, రెండోది చక్కెరలు కట్టుకున్న రూపం. రెండూ పెప్టైడ్‌తో పోతాయి. పీఎన్‌జీఏజ్ ఎఫ్ ఎంజైమ్‌తో చక్కెరలు తీసేస్తే మసక దిగివచ్చి 29 దగ్గర కలుస్తుంది. ఇలా కారణం చూపించగలిగితే బ్యాండ్లు ఎన్నున్నా పర్లేదు. చూపించలేని బ్యాండ్‌ను మాత్రం 'ఐసోఫామ్' (అదే ప్రోటీన్‌కు ఇంకో రూపం) అని రాసేయకండి.

సగం పోయింది, సగం ఉంది.

మోతాదు చాలకపోయి ఉండొచ్చు. పెప్టైడ్‌ను రెట్టింపు చేస్తూ మూడు నాలుగు మోతాదుల్లో చూడండి. బ్యాండ్ మెట్టుమెట్టుగా తగ్గితే మంచి లక్షణం. ఒక చోట ఆగిపోతే అక్కడ ఇంకేదో ప్రోటీన్ కూడా ఉండొచ్చు.

నాకౌట్ ఎలుకలు మనకెక్కడ దొరుకుతాయి సార్? పెప్టైడ్ తప్ప వేరే దారి లేదు.

ఉంది. నాకౌట్ (ఆ జన్యువు తీసేసిన) సెల్ లైన్ల లైసేట్లు కొనుక్కోవచ్చు. అదీ కుదరకపోతే, సెల్ కల్చర్ ఉన్న ల్యాబుతో మాట్లాడి ఎస్ఐఆర్‌ఎన్ఏతో ఆ ప్రోటీన్‌ను తగ్గించిన లైసేట్ చేయించుకోండి. విశాఖలో అలాంటి సౌకర్యం ఉన్నచోట ఒక వారం పని. ఖర్చేమీ లేని దారి కూడా ఉంది, ఆ ప్రోటీన్ ఉండదని బాగా తెలిసిన అవయవం లైసేట్‌ను పక్క లేన్‌లో వేయడం. అక్కడా అదే బ్యాండ్ వస్తే పెప్టైడ్ ఏం చెప్పినా నమ్మకండి.

## రాసేటప్పుడు

థీసిస్‌లో ఈ ఫలితాన్ని ఎలా రాయాలి?

చేసింది చేసినట్టు. పెప్టైడ్ వరుస లేదా కేటలాగ్ నంబరు, యాంటీబాడీ లాట్ నంబరు, ఎన్ని రెట్లు, ఎంతసేపు, ఎంత ఎక్స్‌పోజర్. బ్లాట్ మొత్తాన్ని ల్యాడర్‌తో (సైజు గుర్తుల లేన్) సహా చూపించండి, మీకు నచ్చిన బ్యాండ్ చుట్టూ కోసి పెట్టొద్దు. వాక్యం ఇలా ఉండొచ్చు: 'ఇమ్యునైజింగ్ పెప్టైడ్‌తో ముందుగా కలిపినప్పుడు 29 కిలోడాల్టన్ల సిగ్నల్ పోయింది, సంబంధం లేని పెప్టైడ్‌తో పోలేదు.' 'యాంటీబాడీ స్పెసిఫిసిటీ నిరూపితమైంది' అని మాత్రం రాయకండి.

వైవాలో ఇంత వివరం ఎవరడుగుతారు? నిజంగా అవసరమా?

అడగకపోయినా అవసరమే. కవిటి, సోంపేట, కంచిలి ఊళ్ల నుంచి వచ్చిన శాంపిళ్ల మీద పని చేస్తున్నవాళ్లకు మరీ. పలాసలో 2023లో కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలైంది, ఇక్కడి టిష్యూ మీద పని ఇంకా పెరగాలని మనమంతా కోరుకుంటున్నాం. ఆ టిష్యూలో ఒక ప్రోటీన్ పెరిగిందని మీరు రాస్తే, తర్వాత వచ్చేవాళ్లు దాని మీదే తమ ప్రాజెక్టు పెట్టుకుంటారు. బ్యాండ్ తప్పైతే వాళ్ల ఏళ్లు పోతాయి, జబ్బుతో ఉన్నవాళ్ల ఎదురుచూపు ఇంకా పెరుగుతుంది. కాబట్టి బ్లాట్ ఫైళ్లు, లాట్ నంబర్లు, మిగిలిన పెప్టైడ్ అలీకాట్ ఒకటి, థీసిస్ ఇచ్చేశాక కూడా ల్యాబులో పేరు రాసి దాచి వెళ్లండి.